వ్యాయామం చేస్తున్నా బరువు తగ్గనివారికి కొలతలు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

‘రోజూ గంట నడుస్తున్నాను. పంచదార ముట్టను, వేపుళ్లు మానేశాను. అయినా బరువు తగ్గడం లేదు, ఏం చేయాలి?’ పత్రికల ఆరోగ్య శీర్షికలకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. అచ్చయ్యే జవాబులు ఎక్కువగా రెండే. ఇంకాస్త పట్టుదలగా ప్రయత్నించమనేది ఒకటి, థైరాయిడ్ పరీక్ష చేయించుకోమనేది రెండోది. మొదటి జవాబు ఇప్పటికే శ్రమపడుతున్న మనిషిని నొప్పిస్తుంది. రెండోది చాలామంది విషయంలో ‘నార్మల్’ అన్న రిపోర్టు దగ్గర ఆగిపోతుంది. బరువు తగ్గాలనుకునేవారికి ఆహార సలహాలివ్వడమే మా వృత్తి. ఈ ప్రశ్నకు అసలు జవాబు చాలావరకు కొలతల్లో దొరుకుతుంది, కాబట్టి ఆ కొలతలను మీ పాఠకుల ముందుంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందుగా తేల్చుకోవలసింది, తగ్గనిది కొవ్వా, కాటా మీది అంకా అన్నది. రెండూ ఒకటి కావు. ఒంట్లో నీరు ఒక్కరోజులోనే కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. ఉప్పు ఎక్కువైన మర్నాడు, కొత్త వ్యాయామంతో కండరాలు నొప్పి పెట్టిన వారంలో, నెలసరికి ముందు రోజుల్లో, మలబద్ధకం ఉన్నప్పుడు అంకె పైకి పోతుంది. ఆరోగ్యకరమైన వేగంతో తగ్గుతున్నవారిలో వారానికి కరిగే కొవ్వు 300 నుంచి 500 గ్రాములు. రెండు కిలోల ఊగిసలాటలో అరకిలో తగ్గుదల కనబడకుండా పోవడంలో వింతేమీ లేదు.

మొదటి వారంలో వచ్చే ఉత్సాహం కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో సుమారు 400 నుంచి 500 గ్రాముల పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఖాళీ అయ్యేది ఈ నిల్వే. అందుకే తొలి వారంలో కిలోన్నర, రెండు కిలోలు చకచకా తగ్గినట్టు కనిపిస్తాయి. తర్వాత వారానికి 300 గ్రాములే తగ్గుతుంటే ‘ఆగిపోయింది’ అనుకుని మానేస్తారు. నిజానికి కొవ్వు కరగడం అప్పుడే నిదానంగా సాగుతూ ఉంటుంది.

కాబట్టి బరువు చూసుకునే పద్ధతి మార్చుకోవాలి. పొద్దున లేచి, మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, అదే కాటా మీద, తేలికపాటి బట్టలతో తూచుకోవాలి. ఏడు రోజుల అంకెలు కలిపి ఏడుతో భాగించాలి. ఆ సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి, నిన్నటి అంకెతో కాదు. నెలసరి వచ్చే స్త్రీలు ఈసారి నెలసరి మొదలైన పదో రోజు బరువును పోయినసారి పదో రోజు బరువుతో పోల్చుకోవడం మంచిది. దీంతోపాటు వారానికోసారి టేపుతో నడుము కొలవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా చూడాలి. నడుము కొలత ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండడం మంచి గుర్తు. బరువు కదలకపోయినా నడుము తగ్గుతోందంటే పని జరుగుతున్నట్టే. అలాగని నెలల తరబడి రెండూ కదలకుండా ఉంటే ‘కండ పెరిగింది’ అని సరిపెట్టుకోకూడదు. కొవ్వు కరిగిన ప్రతి కిలోకూ కిలో కండ పెట్టడం చాలామందికి సాధ్యం కాదు.

నాలుగు వారాల సగటులూ నడుమూ కదల్లేదనుకుందాం. అప్పుడు తిండి లెక్క చూడాలి. ఇక్కడే పాఠకులకు బాధ కలిగే అవకాశం ఎక్కువ, అందుకే మాట జాగ్రత్తగా వాడాలి. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ‘1200 క్యాలరీల లోపే తింటున్నా బరువు తగ్గడం లేదు’ అన్న పదిమందిని తీసుకుని, వాళ్ల శరీరం ఖర్చు చేస్తున్న శక్తిని కచ్చితమైన పద్ధతుల్లో కొలిచారు. జీవక్రియ, అంటే శరీరం శక్తిని ఖర్చు చేసే తీరు (మెటబాలిజం), ఉండవలసినట్టే ఉంది. తేడా వచ్చింది రాసుకున్న లెక్కల్లో. తిన్నదానిలో సగటున 47 శాతం లెక్కలోకి రాలేదు. వ్యాయామాన్ని సగటున 51 శాతం ఎక్కువగా అంచనా వేసుకున్నారు. దీన్ని అబద్ధం అనడం అన్యాయం. కంటితో పరిమాణం అంచనా వేయడంలో మనుషులందరూ పొరబడతారు, ఆహార నిపుణులు సైతం.

ఎక్కువగా లెక్క తప్పేది ‘మంచి ఆహారం’ దగ్గరే. చెడ్డదనుకున్న దాన్ని కొలిచి తింటారు, మంచిదనుకున్న దాన్ని చేతికొద్దీ తింటారు. గ్రాము పిండిపదార్థంలో, గ్రాము ప్రొటీన్‌లో నాలుగేసి క్యాలరీలుంటే, గ్రాము కొవ్వులో తొమ్మిది ఉంటాయి. ఆ కొవ్వు గుండెకు మేలు చేసేదైనా తొమ్మిదే. 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూను నూనెలో దాదాపు 120 క్యాలరీలు. అది ఏ గింజ నూనె అయినా ఒకటే. బాదం, వేరుసెనగ వంటివి 30 గ్రాములు తింటే సుమారు 170. టేబుల్ స్పూను తేనెలో 60 పైచిలుకు. పండు తింటే పీచు వల్ల కడుపు నిండుతుంది, రసం పిండుకుంటే రెండు మూడు పండ్ల చక్కెర రెండు నిమిషాల్లో లోపలికి పోతుంది.

నూనె విషయంలో స్పూను లెక్కలు ఎవరూ ఎక్కువకాలం పాటించలేరు. దానికి మేము చెప్పే ఉపాయం సీసా మీద తేదీ రాయడం. లీటరు నూనె తెరిచిన రోజు రాసి, అయిపోయిన రోజు చూసి, మొత్తాన్ని రోజులతోనూ తినే మనుషులతోనూ భాగించండి. నలుగురికి లీటరు పది రోజులు వస్తే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు, అంటే సుమారు 200 క్యాలరీలు. అదే లీటరు ఐదు రోజుల్లో అయిపోతే 400. మిగతా తిండి ఒక్క ముద్ద కూడా మారకుండానే రోజుకు 200 తేడా ఇక్కడుంది.

మిగిలిన పదార్థాలకు గ్రాముల కాటా ఒకటి చాలు. జీవితాంతం తూచుకు తినమని ఎవరికీ చెప్పం. రెండు వారాలు, పచ్చివి పచ్చిగా, వండినవి వండినట్టుగా తూచి రాసుకుంటే కంటికి కొలత అలవాటవుతుంది. వండితే నీరు పట్టి బరువు రెండు మూడింతలయ్యే ధాన్యాలకు పచ్చి లెక్క, వండిన లెక్క కలిపేసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. వంట రుచి చూడటం, పిల్లలు వదిలేసినది తినడం, పాలు కలిపిన పానీయాలు కూడా రాయాలి. ఒక్క మినహాయింపు ఉంది. తిండి గురించి విపరీతమైన భయం, తిని వాంతి చేసుకోవడం, తిండి మానేయడం వంటి సమస్యలు ఇప్పుడున్నవారు గానీ, గతంలో ఎదుర్కొన్నవారు గానీ ఈ తూకాల జోలికి పోకూడదు. వారు వైద్యుల పర్యవేక్షణలోనే ముందుకు వెళ్లాలి.

వారాంతం లెక్క కూడా చెప్పాలి. ఐదు రోజులు రోజుకు 400 క్యాలరీలు తక్కువ తింటే 2000 మిగులు. సెలవు రోజుల్లో బయటి భోజనాలతో రోజుకు వెయ్యి చొప్పున ఎక్కువైతే ఆ 2000 కాస్తా పోయింది. ఐదు రోజుల క్రమశిక్షణ అబద్ధం కాదు, కానీ వారం మొత్తానికి తేడా సున్నా.

ఇక వ్యాయామం. 70 కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో గంట నడిస్తే సుమారు 245 క్యాలరీలు ఖర్చవుతాయి. అందులో 70 ఆ గంట ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా పోయింది 175. అంటే గుప్పెడు గింజలు. కిలో కొవ్వులో సుమారు 7700 క్యాలరీలు ఉంటాయి కనుక, తిండి ఏమాత్రం పెరగకుండా రోజూ గంట నడిచినా కిలో కరగడానికి ఆరు వారాల పైనే పడుతుంది. చేతి గడియారం చూపే క్యాలరీలను నమ్మి ఆ మేరకు తినేవారు మరీ నష్టపోతారు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో ఎక్కువ భాగం బాగానే చెప్పాయి గానీ, క్యాలరీల విషయంలో అన్నింటికన్నా మెరుగైనది సైతం సగటున 27 శాతం తప్పు చూపింది.

ఇంకో సంగతి ఉంది. పొద్దున గంట శ్రమించిన మనిషి, తెలియకుండానే మిగతా రోజంతా తక్కువ కదులుతాడు. మెట్లకు బదులు లిఫ్ట్, నిలబడే పనికి బదులు కూర్చునే పని. వ్యాయామం కాని ఈ చిన్న కదలికల విలువ తక్కువేం కాదు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా పరిశోధకుడు జేమ్స్ లెవిన్ బృందం 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు వెయ్యి క్యాలరీలు అదనంగా తినిపించింది. ఒకరికి పెరిగిన కొవ్వు 360 గ్రాములు, మరొకరికి 4.2 కిలోలు. తేడాకు ముఖ్య కారణం ఈ చిన్నాచితకా కదలికలే. అందుకే నడక గంటను మాత్రమే కాదు, రోజు మొత్తం అడుగులను లెక్కపెట్టమంటాం. ఇంత చెప్పినా వ్యాయామం మానమని మాత్రం ఎవరూ అర్థం చేసుకోవద్దు. రక్తపోటు, చక్కెర, నిద్ర, మనసు అన్నింటికీ అది మేలు చేస్తుంది, తగ్గిన బరువు తిరిగి పెరగకుండా కాపాడుతుంది. బరువు తగ్గించే పని మొత్తం దాని మీదే వేయడం తప్పు.

‘నా మెటబాలిజం పాడైంది’ అనే మాట కూడా చాలా వింటాం. బరువు తగ్గితే శరీర అవసరం తగ్గడం సహజం. 80 కిలోల నుంచి 72కు వచ్చిన మనిషికి విశ్రాంతిలో ఖర్చయ్యేది రోజుకు సుమారు 80 క్యాలరీలు తగ్గుతుంది, కదలికలు కూడా కలుపుకుంటే వంద పైన. శరీరం పొదుపు చేసుకునేది ఇంకొంత ఉంటుంది. మొదట్లో పనిచేసిన తిండే ఏడాది తర్వాత బరువును నిలబెట్టే తిండి అవుతుంది. కనుక ప్రతి నాలుగైదు కిలోలకూ లెక్క మళ్లీ వేసుకోవాలి. పొట్టిగా, తక్కువ బరువుతో ఉన్న స్త్రీలకు రోజు అవసరమే 1500, 1600 ఉంటుంది. వారికి తప్పు చేసే వెసులుబాటు చాలా తక్కువ, వారి తగ్గుదల నిదానంగానే ఉంటుంది. పొడవాటి భర్తతో సమానంగా తింటూ, ఆయన తగ్గినట్టు తాను తగ్గలేదని బాధపడేవారికి ఈ మాట ఎవరూ చెప్పరు. వయసు విషయానికొస్తే, 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన భారీ పరిశీలన ప్రకారం, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా జీవక్రియ ఇంచుమించు స్థిరంగానే ఉంటుంది.

తక్కువ తింటే శరీరం కొవ్వును గట్టిగా పట్టుకుంటుందని ఇంకా తగ్గించడానికి భయపడేవారూ, అసలేమీ తినకుండా ఉండేవారూ ఇద్దరూ ఉన్నారు. 1945లో అమెరికాలోని మినెసోటాలో 36 మంది యువకులను 24 వారాలు అర్ధాకలితో ఉంచిన ప్రయోగంలో వారి జీవక్రియ బాగా మందగించింది, అయినా బరువులో సుమారు నాలుగో వంతు తగ్గింది. కాబట్టి మొదటి భయానికి ఆధారం లేదు. అదే ప్రయోగంలో వారు కండ పోగొట్టుకున్నారు, నీరసించారు, రోజంతా తిండి ఆలోచనలతోనే గడిపారు. అందువల్ల రెండో దారీ మంచిది కాదు. అవసరం కన్నా రోజుకు 300 నుంచి 500 క్యాలరీలు తక్కువ, శరీర బరువులో కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్, వారానికి రెండు మూడు రోజులు బరువులతో వ్యాయామం. కండ నిలబడి కొవ్వు కరగాలంటే ఈ మూడూ కలిసి ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ప్రొటీన్ ఎంతన్నది డాక్టరునే అడగాలి.

నిద్రను చివరికి నెట్టేస్తారు గానీ దానికీ అంకెలున్నాయి. 2010లో వెలువడిన ఒక చిన్న ప్రయోగంలో, అంతే తిండి తింటూ, పడక మీద ఎనిమిదిన్నర గంటలు గడిపినప్పుడు రెండు వారాల్లో కరిగిన కొవ్వు 1.4 కిలోలు, ఐదున్నర గంటలకు కుదించినప్పుడు 0.6 కిలోలు. మొత్తం బరువు రెండుసార్లూ ఇంచుమించు అంతే తగ్గింది. నిద్ర తక్కువైనప్పుడు కొవ్వుకు బదులు కండ పోయింది.

ఇవన్నీ నిజాయితీగా ఎనిమిది, పది వారాలు చూసుకున్నా కదలిక లేకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఉత్త చేతులతో కాదు, ఈ లెక్కల పుస్తకంతోనూ, వాడుతున్న మందుల చీటీతోనూ వెళ్లాలి. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొన్ని కిలోలే, అందులో ఎక్కువ నీరు, ఉప్పు. మాత్రతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరును చెప్పే రక్తపరీక్ష అంకె) సరైన స్థాయికి వచ్చాక కూడా మిగిలిన బరువుకు థైరాయిడ్‌ను కారణంగా చూపలేం. నెలసరి సక్రమంగా రాకపోవడం, ముఖం మీద వెంట్రుకలు ఉంటే పీసీఓఎస్ (స్త్రీలలో హార్మోన్ల తేడా వల్ల వచ్చే అండాశయ సమస్య) గురించి అడగాలి. పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, ఊరికే కమిలిపోయే చర్మం, తొడల్లో బలం తగ్గడం కనిపిస్తే కుషింగ్స్ సిండ్రోమ్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) పరీక్షలు అవసరం కావచ్చు. ఇక మందుల్లో ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ తరహా మాత్రలు, పయోగ్లిటజోన్, ఒలాంజపిన్, మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్, వాల్‌ప్రొయేట్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, రక్తపోటుకు, గుండెజబ్బులకు వాడే కొన్ని బీటా బ్లాకర్లు బరువు పెంచగలవు. వీటిలో దేన్నీ సొంతంగా ఆపకూడదు. అకస్మాత్తుగా ఆపితే కొన్ని ప్రాణం మీదకు తెస్తాయి. చాలావాటికి ప్రత్యామ్నాయాలుంటాయి, కానీ మార్చవలసింది రాసిన డాక్టరే.

మీ ఆరోగ్య పేజీకి మా విన్నపం ఒకటే. ‘గింజలు తినండి, మంచి నూనె వాడండి, నడవండి’ అని రాసేటప్పుడు పక్కనే ఎన్ని గ్రాములు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని నిమిషాలు అన్నది కూడా అచ్చువేయండి. నెలకు పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలను ఆ పేజీలో వేయకండి.

భవదీయులు,
బరువు నియంత్రణ సలహాలిచ్చే పోషకాహార నిపుణులు