శనివారం ఇంటినుంచి ఒక సీసా నీళ్లు పంపండి

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఆ రోజు మన బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ప్రతి ఒక్కరూ తమ చేత్తో కట్టిన నీళ్ల అలారం (నీళ్లు తాకగానే మోగేది) తెచ్చి బల్ల మీద పెట్టాలి. ప్రతి ఒక్కరూ అంటే నిజంగా ప్రతి ఒక్కరూ. బాగా మార్కులొచ్చే నలుగురు కొనుక్కొచ్చిన థర్మాకోల్ నమూనాలు పెట్టడం, మిగతావాళ్లు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టడం ఈ ఏడు నుంచి మానేస్తున్నాం.

మన బడిలో మేస్త్రీల పిల్లలున్నారు, ఆటో నడిపేవాళ్ల పిల్లలున్నారు, ఇళ్లలో పనికి వెళ్లే అమ్మల పిల్లలున్నారు. "మాకే చదువు రాదు, సైన్సులో వీడికేం చెప్పగలం" అని మీలో చాలామంది అంటుంటారు. సంపులో కర్ర ముంచి నీళ్లెంతున్నాయో చెప్పే పిల్లకు, మోటారు గాలి పట్టినప్పుడు పైపులో నీళ్లు పోసి ఎక్కించే పిల్లాడికి పంపు సంగతి సగం తెలిసినట్టే. మిగతా సగం చెప్పడం మా పని. అందుకే ఇళ్లలో రోజూ కనబడే నీళ్ల సమస్యనే ఎంచుకున్నాం.

సామానంతా బడే ఇస్తుంది: 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, బీసీ 547 ట్రాన్సిస్టర్ (మూడు కాళ్ల చిన్న స్విచ్చు లాంటిది), 1 కిలో ఓం రెసిస్టర్ (కరెంటును తగ్గించేది), చిన్న బజర్, రెండు మీటర్ల సన్న తీగ, స్క్రూతో బిగించే కనెక్టర్లు. టంకం పెట్టాల్సిన పనిలేదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక తీగ బజర్ ఎర్ర తీగకు, మరో తీగ నేరుగా నీళ్లలోకి. ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. బజర్ నల్ల తీగ కలెక్టర్‌కు. ఎమిటర్ బ్యాటరీ నెగటివ్‌కు. బేస్‌కు రెసిస్టర్ తగిలించి, దాని రెండో కొసనుంచి ఇంకో తీగ నీళ్లలోకి. నీళ్లు రెండు తీగల కొసలనూ తాకగానే బేస్‌లోకి కొద్దిపాటి కరెంటు వెళుతుంది. ఆ కాస్త కరెంటుతోనే ట్రాన్సిస్టర్ తలుపు తీస్తుంది, బజర్ మోగుతుంది.

మోగకపోతే ముందు ట్రాన్సిస్టర్ చూడండి. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. కలెక్టర్, ఎమిటర్ తారుమారైతే బజర్ నీరసంగా మోగుతుంది, లేదా అసలు మోగదు. కాళ్లను మొదలు దగ్గర పట్టుకుని రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున విరుగుతాయి, కొంచెం ఎడంగా పట్టుకుని ఒక్కసారే వంచాలి. బజర్ ఎర్ర తీగ, నల్ల తీగ మారినా శబ్దం రాదు. ఇంకో సెట్టు కావాలని రిచీ స్ట్రీట్‌లో కొనేవాళ్లు బ్యాటరీ తగిలిస్తే దానంతట అదే మోగే బజర్ అని గట్టిగా అడగండి. మరో రకం చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ 'టిక్' మని ఊరుకుంటుంది.

అసలు పాఠం నీళ్లలోనే ఉంది. బోరు నీళ్లలో గట్టిగా మోగిన అలారం, ఆర్‌వో క్యాను నీళ్లలో మూలుగుతుంది, ఒక్కోసారి నోరే విప్పదు. పిల్లలు తీగ తెగిందనుకుని అన్నీ ఊడదీస్తారు. చిటికెడు ఉప్పు వేసి కలపమనండి, వెంటనే మోగుతుంది. కరెంటును మోసేది నీళ్లలో కరిగిన లవణాలు. క్యాను నీళ్లలో అవి దాదాపు తీసేసి ఉంటాయి. ఈ ఒక్క ప్రయోగం కళ్లారా చూసిన పిల్లకు 'అయాన్' (కరెంటును మోసే ఆ లవణ కణం) అన్న మాట ఇక బట్టీ పట్టే పనిలేదు. మాటల సంగతికొస్తే, మా గోడమీద ప్రతి పదం తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు భాషల్లో రాస్తున్నాం: నిరోధం, మిన్‌తడై, రెసిస్టెన్స్. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, పుస్తకంలో ఒకటి వినే పిల్లలు వెనకబడేది తెలివిలో కాదు, ఈ మూడూ ఒకటేనని ఎవరూ చెప్పకపోవడం వల్ల.

తీగలను రోజంతా నీళ్లలో వదిలేయకండి. బ్యాటరీ అయిపోతుంది, పాజిటివ్ వైపు రాగి కొస పచ్చబడి కరిగిపోతుంది. తాగే నీళ్లలో రాగి తీగలు ముంచవద్దు, రెండు స్టీలు చెంచాలు కట్టండి. గోడ ప్లగ్గుతో ఈ పనికి ఎలాంటి సంబంధమూ ఉండకూడదు. సంపు మూత తీసినప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, పిల్లలను వంగనివ్వద్దు.

బజర్ పెట్టడానికి ఇంకో కారణం ఉంది. దీపం వెలిగే సర్క్యూట్ అయితే చూపు తక్కువగా ఉన్న పిల్లలు పక్కవాళ్లను అడగాలి. శబ్దమైతే వాళ్లే తెలుసుకుంటారు. కొందరు మగపిల్లలకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు, రెసిస్టర్ మీది రంగుల గీతలు చదవలేరు. మీ అబ్బాయికి అలా ఉంటే చెప్పండి, విలువ రాసిన చీటీ అంటించి ఇస్తాం.

ఇక ఆడపిల్లల గురించి. ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే అబ్బాయి స్క్రూడ్రైవర్ తీసుకుంటాడు, అమ్మాయి నోట్సు రాస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఇలా జరిగిపోతుంది. అందుకే 15 నిమిషాలకోసారి గంట కొట్టి చేతులు మారుస్తున్నాం. మీ ఇంట్లోనూ ఫ్యూజు చూసేటప్పుడు, గ్యాసు ట్యూబు మార్చేటప్పుడు అమ్మాయిని పక్కన నిలబెట్టుకోండి.

మన చెన్నైలోనే 1919లో తెలుగింట పుట్టిన అయ్యలసోమయాజుల లలితకు పదిహేనేళ్లకు పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకు, చంకలో నెలల పాప ఉండగా, భర్త పోయారు. ఆ తర్వాత ఆమె గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి, 1943లో పట్టా అందుకున్నారు. పట్టాలో మగవాళ్లకు వాడే మాటే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి పైన ఆడవాళ్లకు వాడే మాట కలంతో రాసి ఇచ్చారు. తర్వాత భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు. ఆమె తండ్రి అదే కాలేజీలో ఆచార్యులు, అమ్మాయి కోసం ఆయన వెళ్లి అడగగలిగారు. మన అమ్మాయిల తరఫున వెళ్లి అడిగే పని బడిది. ఏ కాలేజీకి, ఏ ఆఫీసుకి రావాలన్నా మమ్మల్ని పిలవండి.

పదో తరగతి పిల్లల ఇళ్లకు కొన్ని మాటలు. ఊళ్లో బంధువులు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కోచింగ్ అంటారు. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు ప్రవేశ పరీక్ష లేదు. పన్నెండో తరగతి మార్కులే లెక్క: గణితం 100, భౌతికశాస్త్రం 50, రసాయనశాస్త్రం 50, మొత్తం 200కు. కాబట్టి పదకొండులో గణితం ఉన్న గ్రూపు తీసుకోవాలి. పదయ్యాక మూడేళ్ల పాలిటెక్నిక్ చేసి, నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏట చేరే దారి కూడా ఉంది. త్వరగా సంపాదన అవసరమైన ఇళ్లకు ఇదే మేలని మా అభిప్రాయం.

ఎనిమిది నుంచి పన్నెండు వరకు తమిళనాడులోనే చదివితే ఈ కౌన్సెలింగ్‌కు నేటివిటీ (స్థానికత) సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇంటర్‌కని నెల్లూరు, విజయవాడ హాస్టళ్లకు పంపితే అది చూపాల్సి వస్తుంది, అప్పుడు దొరక్క ఇబ్బంది పడతారు. ఆంధ్రాలో తీసుకున్న కుల ధ్రువీకరణ ఇక్కడి రిజర్వేషన్‌కు చెల్లదని కూడా ముందే తెలుసుకోండి. ఇంట్లో ఇంతవరకు డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేకపోతే, ఈ-సేవై కేంద్రంలో మొదటి పట్టభద్రుల ధ్రువీకరణకు దరఖాస్తు చేయండి. కౌన్సెలింగ్‌లో సీటొస్తే ట్యూషన్ ఫీజులో రాయితీ ఉంటుంది, కుటుంబంలో ఒక్కరికే. ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర: బడి రికార్డులో ఇంటిపేరు, ఆధార్‌లో నాన్న పేరు ఇనిషియల్. పదో తరగతి మార్కుల జాబితా అచ్చు కాకముందే ఇది సరిచేయించాలి. ఆధార్, రేషన్ కార్డు తీసుకుని ఆఫీసుకు రండి, పక్కపక్కన పెట్టి చూస్తాం.

ఏ నీళ్లలో అలారం ఎలా మోగుతుందో చూడటానికి వచ్చే శనివారం మీ పిల్లల చేతికి అరలీటరు సీసాలో ఇంటి నీళ్లు పంపండి. మెట్రో కుళాయి నీళ్లా, బోరువా, క్యానువా, లారీవా అన్నది చీటీ మీద రాసి అంటించండి. ప్లంబింగ్, వైరింగ్, కుట్టుపని, మోటారు రిపేరు తెలిసిన తల్లిదండ్రులు ఉదయం పది గంటలకు ఓ అరగంట వచ్చి పిల్లల దగ్గర కూర్చోగలిగితే చీటీ వెనక మీ పేరు రాయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
చెన్నై