మిర్చికి గిరాకీ కావాలంటే ఏ కాన్సులేటును అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

మన దగ్గర విదేశీ కాన్సులేట్లు తెరిస్తే ఎగుమతులు పెరుగుతాయన్న మాట తరచూ వినబడుతోంది. వస్తే మంచిదే. కానీ ఏ దేశం కాన్సులేటైనా ముందు తన సరుకుకే గిరాకీ వెతుకుతుంది. హైదరాబాద్‌లో 2008లో తెరిచిన అమెరికా కాన్సులేటు పరిధిలోకి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా వస్తాయి. దాని వాణిజ్య విభాగం ప్రధానంగా చూసేది అమెరికా కంపెనీల అమ్మకాలే. గుంటూరు మిర్చి కొనేవాళ్లు కావాలంటే తట్టాల్సింది దుబాయ్, గ్వాంగ్‌జౌ వంటి చోట్ల ఉన్న మన కాన్సులేట్ల తలుపు.

అక్కడికి ‘అన్ని మసాలా దినుసులూ ఎగుమతి చేస్తాం, ఆర్డర్లు ఇప్పించండి’ అని మెయిల్ పెడితే జవాబు ఆశించకండి. మీ మిర్చి తేజానా, 341 రకమా? తొడిమతోనా, తొడిమ తీసిందా? కస్టమ్స్‌లో సరుకును గుర్తించే హెచ్‌ఎస్ కోడ్ ఎండు కాయకు 090421, పొడికి 090422. నెలకు ఎన్ని టన్నులు పంపగలరో, ఐఈసీ (ఎగుమతి-దిగుమతిదారు కోడ్) నంబరు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ రాయాలి. బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ ఎంత ఉందో తేల్చిన ల్యాబ్ నివేదిక జతచేయాలి. యూరప్‌లో అందులోని బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటితే సరుకును దించుకోరు. కళ్లంలో వానకు తడిసి, సరిగా ఆరని కాయలతో వచ్చే చిక్కే ఇది.

మనవాళ్లు అంతగా వాడుకోని సాయం ఇంకోటుంది. కొనేవాడి లైసెన్సు నిజమైనదేనా, ఆ చిరునామాలో కంపెనీ ఉందా అని సరుకు ఎక్కించకముందే వాకబు చేయమని మన కాన్సులేటును అడగవచ్చు. అది బాకీకి పూచీకత్తు కాదు, దానికి ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ నుంచి బీమా వేరే తీసుకోవాలి. చాలామంది కంటైనర్ వెళ్లిపోయాక పరుగెత్తుతారు. డీఏ అనే అరువు పద్ధతిలో కొనేవాడు గడువుకు కడతానని సంతకం పెట్టి కాగితాలు పట్టుకుపోతాడు, సరుకు విడిపించుకున్నాక ఫోన్ ఎత్తడు. అప్పుడు కాన్సులేటు ఉత్తరం రాయగలదు, రాజీకి పిలవగలదు. డబ్బు వసూలు చేసే అధికారం దానికి లేదు. ఆ మాత్రానికైనా ఒప్పందం, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కించినట్టు ఇచ్చే రసీదు) చూపాలి. వాట్సాప్‌లో ఖాయం చేసుకున్న ధర ఒక్కటే పట్టుకెళ్తే ఫిర్యాదు నిలవడం కష్టం.

2022 మే 1 నుంచి అమల్లో ఉన్న యూఏఈ వాణిజ్య ఒప్పందం కింద సుంకం రాయితీకి, సరుకు మన దేశానిదేనని చెప్పే మూల ధ్రువపత్రం తప్పనిసరి. దాన్ని కాన్సులేటు ఇవ్వదు, ఇక్కడే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

కొత్త కాన్సులేటు కోసం అర్జీలు పెట్టేలోగా, గుంటూరు యార్డులో ఈ కాగితాలు సరిచూసి మెయిల్ రాసిపెట్టే ఒక్క ఉద్యోగినైనా నియమించమని మార్కెటింగ్ శాఖను కోరుతున్నాం.

— ఎగుమతి పత్రాల సలహాదారులు, గుంటూరు