బడి తాళం తీయండి, దస్తావేజు గోడకు అంటించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా వీధి చివర మూతపడి ఉన్న కార్పొరేషన్ తెలుగు బడి భవనాన్ని, ఇల్లు లేనివారికి బస నడిపే ఒక స్వచ్ఛంద సంస్థకు లీజుకు ఇస్తారన్న మాట రెండు నెలలుగా చెన్నైలోని మా చూళైలో నలుగుతోంది. ఇవ్వవద్దంటూ సంతకాలు సేకరిస్తున్నవారిలో నాతోపాటు ఆ బడిలోనే అక్షరాలు దిద్దిన మిత్రులున్నారు. నేను సంతకం చేయలేదు. అలాగని, ఇచ్చేస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారని ఊరుకోనూ లేను. ఈ ఊళ్లోనే ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో 36 ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. మా నాన్నగారు తెలుగులో రాసేవారు, నేను తమిళంలో రాశాను. కాగితంలో ఒక్క మాట తేడా వస్తే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ బడి అరుగు మీద పడుకునే పెద్దావిడ గురించి చెప్పాలి. ఊరు కావలి దగ్గర పల్లె. భర్తతో కూలికి వచ్చింది, ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయింది. తెల్లవారుజామున పూల అంగళ్ల ముందు ఊడుస్తుంది, పగలు రెండిళ్లలో గిన్నెలు తోముతుంది. అమ్మా ఉణవగం అనే కార్పొరేషన్ చౌక క్యాంటీనులో రూపాయి ఇడ్లీలు తింటుంది. రాత్రి దుకాణాలవాళ్లు షట్టర్లు దించాక అరుగు మీద గోనెపట్టా పరుస్తుంది. ఆధార్ కార్డు, భర్త మరణ ధ్రువపత్రం పాలిథిన్ సంచిలో చుట్టి, ఆ సంచిని ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాను చీరల మూటలో దాచి ఆ మూట మీద తల ఆనిస్తుంది. వాన చినుకు పడితే మొదట చూసుకునేది ఆ డబ్బానే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. మేము మేడ మీదికి ఎక్కాము. నీళ్లు తీశాక తెలిసింది, ఆవిడ రెండు రాత్రులూ ఆ బడి గేటు పట్టుకుని నిలబడే ఉందని. ఆవిడ వెనకాల నాలుగు తరగతి గదులున్నాయి. పైకప్పు చెక్కుచెదరలేదు. గేటుకు తాళం ఉంది.

తర్వాత ఒకనాడు వితంతు పింఛను దరఖాస్తు నింపిపెట్టమని వచ్చింది. పేరు రాశాను, వయసు రాశాను. చిరునామా ఏమిటమ్మా అని అడిగితే, "బడి గేటు ఎదుట అని రాయండయ్యా, అందరికీ తెలుసు" అంది. వేల ఆస్తులకు నాలుగు వైపులా హద్దులు రాసిన నాకు ఆ గడిలో ఏం రాయాలో తోచలేదు. కలం మూసి పక్కన పెట్టాను.

ఆశ్రయం కల్పించడం ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడిన పని కాదు. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక రాత్రి బసను కూల్చేశాక, ఆహార హక్కు కేసు విచారిస్తున్న సుప్రీంకోర్టు 2010లో గట్టిగా ఆదేశించింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం ఒక ఆశ్రయం ఉండాలి, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి. 2011 జనాభా లెక్కల నాటికి, శివార్లు కలవక ముందే, చెన్నైలో 46 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఆ లెక్కన పాత నగరానికే 46 ఆశ్రయాలు కావాలి. కొత్తగా స్థలం కొని కట్టాలంటే ఎన్నేళ్లు పడుతుందో చెప్పనక్కరలేదు. ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనాలకు తాళం తీయడమే దగ్గరి దారి.

మిత్రుల మాటనూ నేను తేలిగ్గా తీసుకోను. పిల్లలు తగ్గి ఆ బడి మూతపడిన రోజున నాకూ కడుపు తరుక్కుపోయింది. అక్కడ తెలుగు గ్రంథాలయం పెట్టాలని వాళ్లంటున్నారు, నాకూ ఆ కోరిక ఉంది. కానీ ఇన్నేళ్లలో మనం ఎవరమూ ఒక్క అర్జీ పెట్టలేదు. బస పెడతారని విన్నాకనే మనకు గ్రంథాలయం గుర్తొచ్చింది. ఈ మాట నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

"బయటివాళ్లు వచ్చి చేరతారు, దొంగతనాలు పెరుగుతాయి" అనేది రెండో అభ్యంతరం. ఎవరు బయటివాళ్లు? 2014 జూన్ 28న మౌళివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో ఎందరో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. మనం ఉంటున్న అపార్టుమెంట్లు అలాంటివారు కట్టినవే. వాల్‌టాక్స్ రోడ్డు పక్కన కాలిబాట ప్లాట్‌ఫారాల మీదే పుట్టి పెరిగి, అక్కడే పెళ్లిళ్లయి, పిల్లల్ని కన్న కుటుంబాలున్నాయి. వాళ్లంతా ఇప్పటికే ఈ ఊళ్లో, ఈ వీధుల్లో ఉన్నారు. దీపం, కాపలా, వచ్చినవారి పేర్లు రాసే పుస్తకం ఉన్న చోట వాళ్లు పడుకుంటే మన ఆడపిల్లలకూ భద్రతే కదా.

ఈ ఊరికి సత్రాలు కొత్త కావు. 1782 కరువులో రాయపురం దగ్గర గంజి పోసిన సత్రమే తర్వాత స్టాన్లీ ఆసుపత్రికి మూలమైంది. దొరలు చౌల్ట్రీ అని రాసుకున్న మాట కూడా మన చావడి నుంచి పుట్టిందే అంటారు.

ఇక కాగితం సంగతి. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

1990లలో ఒక మునిసిపాలిటీ తన పాత భవనాన్ని ఒక ధర్మసంస్థకు నామమాత్రపు అద్దెకు ఇచ్చింది. పేద విద్యార్థుల వసతి కోసం అన్నారు. ఆ దస్తావేజు రాసింది నేనే. "పేద విద్యార్థుల వసతి" అని రాసి, సంస్థవారు చెబితే దాని పక్కన "తదితర ధర్మకార్యాలు" అని చేర్చాను. ఎనిమిదేళ్ల తర్వాత అటుగా వెళితే కింది అంతస్తు నిండా దుకాణాలు, పైన పెళ్లిళ్ల హాలు. విద్యార్థులు ఒక్కరూ లేరు. ఇదేమిటని అడిగితే, దుకాణాల అద్దెతో ధర్మకార్యాలు చేస్తున్నామన్నారు. కాగితం ప్రకారం వాళ్లను పట్టుకోవడానికి వీల్లేదు. నా చేత్తో చేర్చిన ఆ రెండు మాటలు ఈనాటికీ నన్ను వదలవు.

అందుకని మా బడి లీజులో "ఇల్లు లేనివారి రాత్రింబవళ్ల బస" అని మాత్రమే ఉండాలి. పక్కన "తదితర" అన్న మాట రాకూడదు. ఎవరికోసమో కూడా తేల్చి రాయాలి. ఒంటరి ఆడవారికా, మగవారికా, కుటుంబాలకా? భర్తను ఒక చోటికి, భార్యాపిల్లల్ని ఇంకో చోటికి పొమ్మంటే ప్లాట్‌ఫారం మీది కుటుంబం ఎక్కడికీ కదలదు.

ఎంతమందికి అన్నదీ ముఖ్యమే. వీధిలో ఒకరు 80 మంది అంటున్నారు, ఒకరు 100 అంటున్నారు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు ఇలాంటి బసల్లో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలన్నాయి. ఆ గదుల్లో ఐదేళ్లు చదువుకున్నవాణ్ణి, కొలత నాకు తెలుసు. ఒక్కొక్కటి 20 అడుగులకు 24 అడుగులు. నాలుగూ కలిపితే 1,920 చదరపు అడుగులు. అంటే 38 మంది. వంటకు, సామాన్లకు ఒక గది పోతే 28 మందే. ఆ సంఖ్యను దస్తావేజులో రాస్తే వీధివారి భయమూ తగ్గుతుంది, లోపల పడుకునేవారు ఒకరి మీద ఒకరు పడే అవస్థా ఉండదు.

గడువు విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. చాలామంది 11 నెలల కాగితంతో పని కానిస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజునైతే రిజిస్టరు చేయించి తీరాలి. 11 నెలలంటే ఆ బెడద ఉండదు. దానివల్ల రెండు నష్టాలున్నాయి. పది మంది ఫిర్యాదు చేయగానే గడువు పొడిగించకుండా బసను ఖాళీ చేయించవచ్చు. ఆ పెద్దావిడ మళ్లీ అరుగు మీదికే వస్తుంది. ఇక రెండోది, ఆ కాగితంలో ఏముందో ఊరికి తెలియదు. ఐదేళ్లకు రాసి రిజిస్టరు చేస్తే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్థిరాస్తి దస్తావేజులు నమోదు చేసే ఒకటో పుస్తకంలోకి ఎక్కుతుంది. రుసుము కట్టి ఎవరైనా నకలు తీసుకోవచ్చు. లైసెన్సు అని రాసి సరిపెట్టుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. లైసెన్సు అంటే ఇచ్చినవారు ఉండనిచ్చినన్నాళ్లు ఉండడమే. లీజు అంటే గడువు దాకా ఆ చోటు మీద హక్కు. ఇల్లు లేనివారి కోసం తీసుకునే చోటికి ఆ మాత్రం గట్టితనం కావాలి.

అద్దె ఒక్క రూపాయి అయినా నాకు అభ్యంతరం లేదు, ఆ రూపాయిని రాయండి. ఇతరులకు మళ్లీ అద్దెకివ్వకూడదని రాయండి. షరతు తప్పితే భవనం తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు ఉంచుకోండి. వంటమనిషి జీతం, కరెంటు, నీళ్లు, మరమ్మతులు ఎవరు భరిస్తారో, ఏ తేదీలోగా డబ్బు ఇస్తారో రాయండి. భవనం ఇచ్చేశాం కదా అని పాలకులు చేతులు దులుపుకుంటే ఎంత మంచి సంస్థ అయినా రెండేళ్లలో కుంగిపోతుంది. బసలో చేరినవారికి ఆ భవనం చిరునామాతో రేషను కార్డు, పింఛను, బ్యాంకు ఖాతా ఇప్పించే పూచీ కూడా అందులో ఉండాలి.

తమిళనాడులో వార్డు కమిటీలకు, వార్డులోని ఒక్కో ప్రాంతంవారు కూడే ఏరియా సభలకు 2022లో నిబంధనలు వచ్చాయి. సంతకం కాకముందే ఈ దస్తావేజు ముసాయిదాను మా ఏరియా సభలో చదివి వినిపించాలని, తమిళంలోనూ తెలుగులోనూ బడి గోడకు అంటించాలని అధికారులను కోరుతున్నాను. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఈ పని ఆలోగా కావాలి. ముసాయిదా రాయడానికి మనిషి కావాలంటే నేను సిద్ధంగా ఉన్నాను. రుసుము అక్కరలేదు.

భవదీయుడు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
చూళై, చెన్నై