స్టెప్నీ లేని కారు: "నిబంధన ప్రకారమే" అన్న మీ జవాబుపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: కారులో స్టెప్నీ ఇవ్వకపోవడం, దానికి మీరు చెప్పిన కారణం.

అయ్యా,

ఈ ఏడాది మీ కంపెనీ పెట్రోల్ కారు కొన్నాను. ఈమధ్య ఒక రాత్రి హైవే మీద వెనక టైరు పక్కభాగం చీలిపోయింది. డిక్కీలో స్టెప్నీ ఉండాల్సిన చోట టైరు రంధ్రం పూడ్చే ద్రవం సీసా, చిన్న గాలి పంపు కనిపించాయి. నేలకు ఆనే భాగంలో మేకు దిగితే ఆ ద్రవం పనికొస్తుంది కానీ, పక్కన చీలిన టైరుకు పనికిరాదు. కారులో మా ఇంటి పెద్దవాళ్లను పెట్టుకుని టోయింగ్ బండి వచ్చేదాకా చీకట్లో రోడ్డు పక్కనే ఉండాల్సి వచ్చింది.

మీ సర్వీస్ విభాగానికి రాస్తే "కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారమే కారు తయారైంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ జవాబే.

2020లో మోటారు వాహనాల నిబంధనల్లో వచ్చిన సవరణ చదివాను. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదని మాత్రమే అందులో ఉంది. స్టెప్నీ పెట్టకూడదని ఎక్కడా లేదు. తీసేయాలని అనుకున్నది మీరు. ఆ నిర్ణయాన్ని ప్రభుత్వం మీదకు నెట్టేయడం అన్యాయం.

స్టెప్నీకి చోటు లేదంటారేమో. కారు వెనక భాగం ఎందుకు పొట్టిగా ఉందో నాకు తెలుసు. 2006 బడ్జెట్‌లో పొడవు నాలుగు మీటర్లు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ దాటని కార్లకు ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కు తగ్గించారు. అప్పట్నుంచి మన దేశంలో ఎన్నో మోడళ్లను ఆ కొలతకు కుదించి తయారుచేస్తున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీలోనూ అదే గీత: లోపలుంటే 18 శాతం, దాటితే 40. అంత తేడా ఉన్నప్పుడు మీ ఇంజనీర్లు నాలుగు మీటర్ల లోపే కారును ఆపారంటే అర్థం చేసుకోగలను. ఆ తగ్గింపు కొనేవాళ్లకూ అందుతుంది.

కానీ అదే పొడవులో స్టెప్నీ ఇస్తున్న కార్లు మార్కెట్లో చాలానే ఉన్నాయి. పొడవును పన్ను నిర్ణయించిందనుకున్నా, ఆ పొడవులో దేనికి చోటివ్వాలో నిర్ణయించింది మీరే కదా! పైగా బ్రోచర్‌లో డిక్కీ ఎన్ని లీటర్లో పెద్ద అక్షరాల్లో వేశారు. స్టెప్నీ లేదన్న సంగతి ఎక్కడా సూటిగా చెప్పలేదు. చివరి పేజీ పట్టికలో "టైర్ రిపేర్ కిట్" అని రాసి ఊరుకున్నారు. షోరూమ్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

నా కారుకు సరిపోయే స్పేర్ వీల్, జాకీ, పానా మీ ఖర్చుతో ఇవ్వండి. పెట్టడానికి చోటు లేదంటే ఆ మాట మీ డిజైన్ విభాగం చేత రాతపూర్వకంగా చెప్పించండి. ఇకమీదట బ్రోచర్ మొదటి పేజీలోనే "ఈ కారులో స్టెప్నీ ఉండదు" అని వేయండి, తెలుగులో కూడా.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. బిల్లు, టైరు ఫొటోలు, మీ జవాబు కాపీ జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు