పనసాకు పొట్టిక్కలు

అమలాపురం,
28 మే 2025

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. కోర్టుకి వేసవి సెలవులు, కాలువలు కట్టేశారు, తీరికకి లోటు లేదు. అయినా జవాబు రాయలేకపోయాను. సీరియల్‌కి మాటలు రాసే ఉద్యోగం ఉంది, నెల జీతం, హైదరాబాద్ వచ్చేయ్ అన్నావు. అది చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదురా.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. సీనియర్ గారు ఇచ్చేది పెట్రోలుకీ టిఫిన్‌కీ సరిపోతుంది. పల్లెల్లో జూనియర్ లాయర్లకి నెలకి కనీసం 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. నా వరకు అది ఇంకా రాలేదు. నాన్నేమో జడ్జి పరీక్ష అంటున్నారు. దానికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని మొన్న 20న సుప్రీంకోర్టు తేల్చింది, నాకు రెండేళ్లే అయింది. పూర్తికాలం జీతానికి చేరితే లాయరు ప్రాక్టీసు ఆపేయాలి, కాబట్టి నీ దగ్గరికొస్తే ఆ లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో కూర్చుని కథలు రాసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. విశాఖలో రావిశాస్త్రి గారు ప్లీడరీ చేస్తూనే కదా అన్ని కథలు రాశారు!

కానీ నన్ను పట్టుకున్నది ఇవేవీ కావు. ఫిబ్రవరిలో ఒకటి జరిగింది, నీకు చెప్పలేదు.

ఒక లంక ఊరి నుంచి మామ్మగారు ఒకావిడ రేవు దాటి వచ్చారు. ఆస్తి భాగాల దావా. సీనియర్ గారు కోర్టులో ఉండి, నన్ను వివరాలు రాసుకోమన్నారు. చెక్కుబందీలు, అదే భూమికి నాలుగు వైపులా హద్దులు, రాసుకుంటున్నాను. తూర్పున పంట బోదె కాలువ, దక్షిణాన మరిది గారి కొబ్బరి తోట... అక్కడ ఆగిపోయి, ఆ తోట వెనక ఉన్న అసలు సంగతి చెప్పారావిడ. కోర్టులో మాత్రం అనొద్దు బాబూ అన్నారు. అదేమిటో నీకు కూడా రాయను.

ఆ రాత్రి తెల్లారేదాకా కూర్చుని దాన్ని కథగా రాశాను. అంత బాగా ఎప్పుడూ రాయలేదురా, ఒక్క కొట్టివేత లేదు. పొద్దున్నే తీసుకెళ్లి సీనియర్ గారికి చూపించాను. ఆయన ఆఖరి కాగితం దాకా చదివి, "బాగా రాశావు, లోపల పెట్టెయ్" అన్నారు. సాక్ష్యాల చట్టం, అదే భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్ తీసి చూపించారు. క్లయింటు మనకి చెప్పింది వాళ్లు ఒప్పుకోకుండా బయటపెట్టకూడదు, కేసు అయిపోయినా అంతే. పేర్లు మారిస్తే సరిపోదా అన్నాను. "పేర్లు మారుస్తావు. ఆ రేవు, ఆ బోదె, ఆ తోట?" అన్నారు. నిజమే. ఏ తోట ఎవరిదో, ఏ గట్టు మీద ఎవరికి తగువో కోనసీమలో తెలియందెవరికి? అచ్చయితే ముందు పోల్చుకునేది వాళ్ల ఊరివాళ్లే.

ఒళ్లు మండిపోయింది. ఈ ప్లీడరీ నాకొద్దని ఆ వారమంతా అనుకున్నాను. అప్పుడు నీ ఉత్తరం వచ్చుంటే రైలెక్కేసేవాణ్ణి.

మార్చి వాయిదాకి మామ్మగారు మళ్లీ వచ్చారు. కోర్టు వరండాలో నా పక్కన కూర్చుని సంచిలోంచి పనసాకు పొట్టిక్కలు తీసి పెట్టారు. తింటుంటే, "ఆ మాట ఎక్కడా అనలేదు కదా బాబూ?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఆ కాగితాలు అప్పటికింకా నా పెట్టెలోనే ఉన్నాయి. ముద్ద మింగుడు పడలేదు. ఆ సాయంత్రమే చింపేశాను.

సీరియల్‌కి రోజుకో ఎపిసోడ్ కావాలి. నా దగ్గరున్న కథల్లో సగం నన్ను నమ్మి జనం చెప్పుకున్నవి. తొందరలో, ఏమీ తోచనప్పుడు, వాటిలోంచి ఒకటి తీసి ఇచ్చేస్తానేమోనని భయంగా ఉందిరా. అందుకే ఇప్పుడు రాలేను. నా కోసం ఎవరినో అడిగి పెట్టావు, ఆయనకి నా తరఫున చెప్పు. రాయడం మాత్రం మానను. నాలుగింటికి లేచి ఆరింటి దాకా రాస్తున్నాను, సెలవులయ్యాక కూడా ఆ రెండు గంటలూ దానివే.

ఈ ఉత్తరంతో ఒక కథ పెడుతున్నాను. మా తాతయ్య రెండో పంట దాళ్వాలో వంతు నీళ్ల కోసం రాత్రంతా కాలువ గట్టున కాపలా ఉండేవాడు కదా, అది. ఇది మా ఇంటిదే, ఎవరినీ అడగక్కర్లేదు. లాకుల దగ్గర మాటలు ఎక్కువయ్యాయనిపిస్తోంది, అక్కడ మొహమాటపడకుండా కొట్టేయ్. జూన్‌లో నీళ్లు వదులుతారు, వీలైతే అప్పటికి రా. ఆ కాగితాలు నీతోపాటే తీసుకురా, పోస్టులో వేయకు.

నీ
బావ