పద్మినికి ఎంత ఇవ్వొచ్చు?

విజయవాడ

చిరంజీవి వంశీకి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు కొందామనుకుంటున్న పాత పద్మిని కారు ఫోటోలు పంపావు కదా, అవి మీ నాన్న రాత్రంతా పెద్దవి చేసుకుని చూశారు. "స్టీరింగ్ చక్రం చూడవే, ఒరిజినల్!" అని వంటింట్లోంచి నన్ను పిలిచి మరీ చూపించారు. ఎంతైతే న్యాయమైన ధర అని నువ్వు అడిగింది ఆయన్ని. ఆయన చెప్పమన్న జవాబు "వదులుకోవద్దను". అది ధర కాదు కదా, అందుకే నేను రాస్తున్నాను. ఆటోనగర్‌లో మన షెడ్డు నడిచినన్నాళ్లూ ఆయన టింకరింగ్, అంటే రేకు పని, చేశారు, నేను బిల్లులు రాశాను. ఏ బండి ఎంత మింగుతుందో చేతికి గ్రీజు అంటకుండానే నాకు తెలుసు.

ముందు ఆ అమ్మేవాడు పెట్టిన ప్రకటన సంగతి చూద్దాం. "1971 మోడల్ ప్రీమియర్ పద్మిని" అని రాశాడు. ఆ బండికి పద్మిని అనే పేరొచ్చిందే 1974లో. అంతకు ముందు కొద్దికాలం ప్రీమియర్ ప్రెసిడెంట్, ఇంకా ముందు ఫియట్ డిలైట్. అన్నీ ముంబై కుర్లా ఫ్యాక్టరీలో తయారైనవే, అప్పట్లో అన్నిటికీ అదే 1089 సి.సి. ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. అంటే ఇతను చెప్పిన సంవత్సరమైనా తప్పు, లేదా డిలైట్‌కి తర్వాతెప్పుడో పద్మిని గ్రిల్లూ పేరు బిళ్లా తగిలించారు. రెండోదే అయితే దాన్ని మోసం అనలేం. బండి కొత్త మోడల్లా కనపడాలని అప్పట్లో ముచ్చటపడి మార్పించుకున్నవాళ్లు మన షెడ్డుకీ వచ్చేవారు. కానీ ఇప్పుడు పాతదనానికే డబ్బు అడుగుతున్నాడు కదా, అసలు ముఖం లేని డిలైట్‌కి అసలు డిలైట్ ధర ఎందుకివ్వాలి? ఆర్.సి.లో తయారీ సంవత్సరం చూడు. చాసిస్ నంబరూ ఇంజను నంబరూ బండి మీద నీ కళ్లతో చదివి ఆర్.సి.తో కలుపుకో. ఇన్నేళ్లలో ఇంజను మార్చి ఉంటే వింతేం కాదు, ఆ మార్పు ఆర్.సి.లోకి ఎక్కిందా లేదా అన్నదే ప్రశ్న.

"వింటేజ్ సార్, ఏటేటా రేటు పెరుగుతుంది" అన్నాడన్నావు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం, మొదట రిజిస్టరై 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాడకపు బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్తగా చేయించుకోవడానికి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీ.ఏ. అనే అక్షరాలు వస్తాయి. అయితే ఆ నంబరు మీద బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేర్లకీ మాత్రమే బయటికి తియ్యాలి. నువ్వేమో ఆదివారాలు లోనావాలా వెళ్లి టిఫిన్ చేసొద్దామని కొంటున్నావు. నీకు కావలసింది మామూలు ఆర్.సి., అయిదేళ్లకోసారి రెన్యువల్. కాబట్టి వింటేజ్ అన్న మాటకి నీ జేబులోంచి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పోనక్కర్లేదు.

ఇంకో కథ కూడా చెబుతారు. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది, పేపర్లన్నీ రాశాయి. అప్పట్నుంచి అమ్మేవాళ్లకి ఆ జ్ఞాపకం కూడా ఒక సరుకైంది. అది విని కళ్లు చెమర్చుకోకుండా తలుపు రబ్బరు కాస్త లాగి కింద పాత రంగేమిటో చూడు, డిక్కీ మూత లోపలి అంచులు చూడు. ముంబై టాక్సీల నలుపో పసుపో తగిలితే ఆ బండి ఒకప్పుడు కిరాయికి తిరిగి ఉండొచ్చన్నమాట.

ఇక అసలు విషయం రేకు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదువు. జీపుకి ఉన్నట్టు ఈ బండికి వేరే చాసిస్ ఫ్రేము, అంటే కింద ఇనప చట్రం, లేదు. గుడ్డుకి పెంకెలాగో దానికి ఒళ్లే బలం. అందుకే ఫ్లోరుకీ, తలుపుల కింద అంచు పట్టీలకీ తుప్పు పడితే చూడ్డానికి అసహ్యం అన్నంతటితో పోదు, బండి బలమే పోయినట్టు. ముంబై సముద్రపు గాలిలో, వానల్లో ఇన్నేళ్లున్న బండి అది. మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం పట్టుకెళ్లు. చక్రాల పైన వంపుల మీద, తలుపుల అడుగు అంచుల మీద, దీపాల చుట్టూ ఆనించి చూడు. పట్టు సడలిన చోట రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది. మ్యాట్లు ఎత్తించి ఫ్లోరు మీద బొటనవేలితో గట్టిగా నొక్కు. డిక్కీలో స్టెప్నీ తీయించి దాని కింద చూడు, బ్యాటరీ పెట్టే చోటు చూడు. తలుపు తెరిచి కొసన పట్టుకుని పైకెత్తు. అది లేస్తోందంటే బందులు అరిగాయి, లేదా బందులు పట్టుకున్న స్తంభమే మెత్తబడింది. ఈ రెండోది ఎంత ఖర్చో చెప్పలేం. షెడ్డులో కూడా మీ నాన్న దానికి ముందుగా రేటు చెప్పేవారు కాదు.

ఇంజను గురించి అందరూ భయపడతారు గానీ నాకంత భయం లేదు. ఏళ్ల తరబడి టాక్సీలుగా తిరిగిన బండి కాబట్టి దాని పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వెయ్యి, వెచ్చగా ఉంటే నువ్వొచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. అలాగైతే మాటల్లో పెట్టి చల్లారేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయించు. నీలం పొగ వస్తే పిస్టన్ రింగులో వాల్వులో పని అడుగుతున్నాయి. ఇప్పటికి ఎన్నిసార్లు బోరు చేయించారో, అంటే అరిగిన సిలిండరు లోపలి గోడ గీకించారో, అడుగు. బోరు చేసినప్పుడల్లా సిలిండరు గోడ పలచబడుతుంది, చివరికి లోపల కొత్త గొట్టాల్లాంటి స్లీవులు వెయ్యాల్సిందే. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే బేరింగులో, చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్నులో అరిగాయి. ఇవన్నీ లెక్క తేలే పనులు. తేలనిది రేకు, దొరకనిది క్రోము. పగిలిన గ్రిల్లు, సొట్టలుపడ్డ బంపరు, దీపాల రింగులు, ఇలాంటి అలంకారాలే తిప్పలు పెడతాయి. "చిన్న చిన్నవి సార్, దొరుకుతాయి" అంటే, "అయితే మీరే వేయించి ఇవ్వండి, ఆ ధరకి తీసుకుంటాను" అను.

ఇప్పుడు లెక్క. ఇతను అడిగింది 3,75,000. ఏ పనీ చేయించనక్కర్లేని అలాంటి బండి మీ ఆఫీసు స్నేహితుడి మామయ్య 4,00,000కి అమ్మాడన్నావు. అది చేతులు మారిన డబ్బు, కాబట్టి దాన్నే పట్టుకుందాం. ప్రకటనల్లో కనపడే అంకెలు పక్కన పెట్టు. అవి అమ్మేవాళ్ల కోరికలు, అమ్ముడుపోకే నెలల తరబడి అక్కడ ఉంటాయి. నీ ఫోటోల్లో కనపడిన దాన్నిబట్టి మీ నాన్నే వేసిన అంచనా ఇది: ఫ్లోరు, అంచు పట్టీల టింకరింగు, పెయింటు కలిపి 1,20,000. కింగ్‌పిన్నులు, బ్రేకులు 25,000. క్రోము పని 30,000. సీట్లు, లోపలి గుడ్డ 20,000. మొత్తం 1,95,000. రంగు గీకాక బయటపడే వాటికి ఇంకో పావు వంతు వేసుకో, 50,000 అనుకో. మన షెడ్డులో ఒప్పుకున్న ఎస్టిమేటు దగ్గర ఆగిన పాత బండిని నేను చూడలేదు. 4,00,000లోంచి 2,45,000 తీసేస్తే మిగిలేది 1,55,000. ఈ బండికి నా లెక్కలో ధర అదే. నీ ముచ్చట కోసం ఇంకో పాతిక వేలు కలుపుకో. అది ముచ్చట ఖర్చు అని తెలిసి కలుపుకో.

అతను ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే లేచి వచ్చెయ్. ఎందుకంటే పని చేయించిన బండ్లు పనికైన ఖర్చు కన్నా తక్కువకే అమ్ముడుపోతాయి. ఆ నష్టం ఇంకొకరు భరించేశాక కొనుక్కోవడమే నీకు మంచిది. కాకపోతే మెరిసే బండి దగ్గర జాగ్రత్త రెండింతలు కావాలి. రంగు గీకినప్పటి ఫోటోలు అడుగు, షెడ్డు బిల్లులు అడుగు. బిల్లులు జాగ్రత్తగా దాచుకున్న మనిషి బండి కూడా అలాగే చూసుకుని ఉంటాడు. అలాంటివాడు పది వేలు ఎక్కువ అడిగినా గీచిగీచి బేరమాడకు.

కాగితాల దగ్గర మాత్రం జాలి వద్దు. బండి ఇంకా వాళ్ల నాన్న పేరు మీదే ఉంది, ఆయన పోయి చాలాకాలమైంది అన్నాడు. ముందు ఫారం 31తో, మరణ ధ్రువపత్రంతో అది వారసుడి పేరుకి మారాలి. తర్వాత 29, 30 ఫారాలతో నీ పేరుకి రావాలి. తోబుట్టువులుంటే వాళ్ల ఒప్పుకోలు కూడా రాతలో ఉండాలి. ఎప్పుడో తీసుకున్న అప్పు ఆర్.సి. మీద ఉండిపోతే బ్యాంకు సంతకంతో ఫారం 35 కావాలి. ఆర్.సి. గడువు అయిపోయి ఉంటే రెన్యువల్ ఫీజు కాక ఆలస్యానికి నెలకు 500 చొప్పున పడుతుంది, పైన మహారాష్ట్ర పర్యావరణ పన్ను ఒకటి. ఆర్.టి.ఓ. ఆఫీసులో మొత్తం ఎంతవుతుందో కనుక్కుని అదీ ధరలోంచి తీసెయ్. ఎప్పటికైనా బెజవాడ తెచ్చుకుంటానంటే ఫారం 28తో ఎన్.ఓ.సి., అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తియ్యాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి. ఇవన్నీ అయ్యేదాకా అడ్వాన్సు దాటి పైసా ఇవ్వకు, ఇచ్చినదానికి రసీదు తీసుకో.

ఒకప్పుడు ఈ బండి కోసం జనం డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరసలో ఉండేవారు. చేతికొచ్చిన బండిని మర్నాడే అమ్మితే కొత్తదాని ధర మీద లాభమొచ్చేది. మీ తాతయ్య ఆ వరసలోనే ఉండి విసుగెత్తి స్కూటరు కొనుక్కున్నారు. 1983 డిసెంబరులో మారుతీ వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. ఇప్పుడు వరసలో నువ్వొక్కడివే ఉన్నావు, కంగారేం లేదు.

మీ నాన్న శనివారం రైలెక్కి వస్తానంటున్నారు. అయస్కాంతం, టార్చి అప్పుడే సంచిలో సర్దుకున్నారు. రానివ్వు, బండి కిందికి దూరి చూడ్డానికి ఆయన్ని మించినవాడు నీకు దొరకడు. బేరం మొదలయ్యేసరికి మాత్రం ఆయన్ని టీ తాగమని బయటికి పంపించి, నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు
అమ్మ