చిన్నది ఎవరి ముందు వణుకుతోందో చూడమన్న బాబాయికి, ఇంకా అందరికీ

అందరికీ నమస్కారం. మా ఉప్పునీటి ట్యాంకులో చిన్న క్లౌన్ చేప ఎందుకు వణికిపోతోందో, పెద్దది ఎందుకు దాని మీదపడుతోందో తెలియక నేను కంగారుపడుతున్న రోజుల్లో సొంత పనులు పక్కనపెట్టి నాకు దారి చెప్పినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్లో థాంక్స్ చెప్పాను కానీ మనసు నిండలేదు. మీరు చెప్పిన సంగతులు సముద్రపు చేపల్ని పెంచుకునే మరో నలుగురికి చేరితే వాళ్ళ చేపలకూ మేలు జరుగుతుందని అందరి ముందూ చెప్తున్నాను.

మాది హైదరాబాద్. హాల్లో ఉన్న ట్యాంకులో రెండు ఒసెల్లారిస్ క్లౌన్లు, క్లౌన్లు తలదాచుకునే బబుల్ టిప్ అనిమోన్ అనే సముద్రజీవి ఒకటి, లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాళ్ళు), రెండు క్లీనర్ రొయ్యలు, కొన్ని నత్తలు ఉండేవి. పగడాలు లేవు. అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవాలు, ఇళ్ళలో పెంచకూడదు. ఆ రెండు క్లౌన్లలో పెద్దది ఆడది. మా దగ్గరికి వచ్చేనాటికే బాగా ఎదిగిన చేప, వయసెంతో తెలియదు. వానాకాలంలో అది పోయింది.

మిగిలినదాని నడవడి అప్పటినుంచి మారడం మొదలైంది. అంతవరకూ ఆడదాని వెనకే తిరుగుతూ, అది తిన్నాక మిగిలింది తినేది. ఇప్పుడు గాజు దగ్గరికి అందరికంటే ముందు వచ్చేస్తోంది. రొయ్యల్ని అనిమోన్ దరిదాపులకు రానివ్వడం లేదు. చూస్తుండగానే ఒళ్ళు కూడా చేసింది. తోడు లేక ఇలా అయిందేమోనని ట్యాంకులోనే పుట్టి పెరిగిన ఒక చిన్న క్లౌన్ పిల్లను తెచ్చి వదిలాం. మిగిలిన ఆ పాత చేపే ఇప్పుడు పెద్దది. అది కొత్తదాన్ని చూడగానే మీదికి దూకింది. చిన్నది పారిపోవడం మానేసి, ఒక పక్కకి ఒరిగిపోయి తల దగ్గరనుంచి తోక దాకా గడగడా వణికింది. కాసేపటికి మామూలైంది. మళ్ళీ పెద్దది రాగానే మళ్ళీ అదే వణుకు.

మూర్ఛ అన్నవాళ్ళున్నారు, జబ్బు అన్నవాళ్ళున్నారు. చేపల మీది పరాన్నజీవుల్ని చంపే కాపర్ (రాగి) మందు వెంటనే వేయమని చెప్పినవాళ్ళే ఎక్కువ. ఆ సమయంలో నా ఫోన్ ఎత్తిన పెద్దమనిషి చెన్నై కొళత్తూరులో ఎన్నో ఏళ్ళుగా సముద్రపు చేపల వ్యాపారంలో ఉన్న తెలుగాయన. పేరు రాయొద్దన్నారు కాబట్టి బాబాయి అనే రాస్తాను, నేను పిలిచేది కూడా అలాగే. నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మందు సీసా పక్కన పెట్టమ్మా. అది ఎవరి ముందు వణుకుతోంది?"

ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అన్నిటికంటే విలువైన సాయం ఆ ఒక్క ప్రశ్న. జబ్బుతో వణికే చేపకి ఎదుట ఎవరున్నారన్నది పట్టదట. ఒంటరిగా ఉన్నా వణుకుతుంది, మేత వేసినా వణుకుతుంది. ఇంకో చేపకి చెప్పడానికి వణికేది మాత్రం ఆ చేప ఎదురుపడినప్పుడే వణుకుతుంది. రెండిటికీ తేడా తెలుసుకోవడానికి బాబాయి నాతో ఒక పని చేయించారు. చిల్లులున్న అక్రిలిక్ డబ్బాలో చిన్నదాన్ని ట్యాంకులోనే ఉంచి, పెద్దదానికి కనబడకుండా మధ్యలో ఒక నల్లటి పలక నిలబెట్టమన్నారు. కాసేపు అలా చూసి, తర్వాత పలక తీసి చూడమన్నారు. రెండిటికీ వీడియో తీసి పంపమన్నారు. పలక ఉన్నంతసేపూ చిన్నది హాయిగా ఈదింది, వేసిన మైసిస్ రొయ్యల్ని ఒక్కటి వదలకుండా తింది. పలక తీశాక, పెద్దది డబ్బా పక్కకి రాగానే వణుకు. అది అటు తిరిగి వెళ్ళిపోగానే మళ్ళీ మామూలు.

అయినా ఆయన అక్కడితో తేల్చేయలేదు. మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో చూడమన్నారు. నీటి పైన నోరు పెట్టి ఆయాసపడుతోందా, పంపు ధార దగ్గరే వేలాడుతోందా అని అడిగారు. ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు ఉంటే మెరైన్ ఇక్ అనే జబ్బు. సన్నటి పసుపు పొడి చల్లినట్టుండి, వెలుతురుకి ముఖం చాటేస్తుంటే వెల్వెట్. చర్మం మీది జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా, అది క్లౌన్లకే ఎక్కువగా వచ్చి కొద్ది రోజుల్లో ప్రాణం తీస్తుంది. వీటిలో ఏదీ లేదు. నీళ్ళలో అమ్మోనియా సున్నా, ఉప్పునీటి సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు. అప్పుడు కానీ ఆయన "దానికేం లేదమ్మా, బాగుంది" అనలేదు. ఆ పూట కాపర్ వేసి ఉంటే అనిమోన్, నత్తలు, రొయ్యలు అన్నీ చచ్చిపోయేవని, రాళ్ళలోకీ ఇసుకలోకీ ఇంకిన రాగి ఆ తర్వాత కూడా వదలదని చెప్పారు. కాపర్ వాడాల్సి వస్తే విడిగా, రాయీ ఇసుకా లేని ట్యాంకులోనే వాడాలి. బాబాయీ, మా ట్యాంకులో ఇవాళ తిరుగుతున్న ప్రతి ప్రాణీ మీ పుణ్యమే.

వణుకు సరే, పెద్దది ఎందుకు మారిందన్నది వివరంగా చెప్పింది ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుకున్న ఒక చెల్లి. డ్యూటీ అయ్యాక రాత్రిపూట ఓపిగ్గా కూర్చుని చెప్పేది. "అక్కా, మీ పెద్దది మగది కదా అనుకుంటున్నారు. అది ఇప్పుడు ఆడదవుతోంది" అంది. క్లౌన్లు పుట్టినప్పుడు ఆడా కాదు, మగా కాదు. ఒక అనిమోన్‌లో బతికే గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, దాని తర్వాతది మగది, మిగతావన్నీ పిల్లల్ని కనకుండా వరసలో ఉండేవి. ఆడది పోతే మగది ఆడదిగా మారుతుంది, వరసలో తర్వాతది మగదవుతుంది. ఒకసారి ఆడదయ్యాక ఇక వెనక్కి తిరిగి మగది కాదు. దీన్ని హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె 1977లోనే నేచర్ పత్రికలో రాశారట. వాళ్ళు చెప్పిన ముఖ్యమైన సంగతి, ఆడది తన దబాయింపుతోనే మగదాన్ని మగదిగా ఉంచుతుందని. ఆ ఒత్తిడి పోగానే మార్పు మొదలవుతుంది.

ఆమె చెప్పినవాటిలో నన్ను బాగా కదిలించింది ఇంకొకటి ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు మా ఇంట్లో ఉన్న ఒసెల్లారిస్ జాతి మీదే పరిశోధన చేసి 2019లో ప్రచురించారు. ఆడదిగా మారేటప్పుడు ముందు మారేది మెదడులోని ఒక భాగమట. బీజకోశం ఆ తర్వాత, చాలా నెమ్మదిగా మారుతుంది. అంటే గుడ్లు పెట్టే శక్తి రాకముందే ఆ చేప ఆడదానిలా ప్రవర్తిస్తుంది. మా పెద్దది మేత దగ్గర ముందుకు రావడం, రొయ్యల్ని తరమడం, కొత్తదాని మీద పడటం, అన్నీ ఆ మార్పులో భాగాలే. దానికి ఏదో అయిందని నేను దిగులుపడుతున్న రోజుల్లో అది ఇంటి పెద్దరికం తీసుకుంటోంది.

చిన్నదాని సంగతి కూడా ఆమే చెప్పింది. పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పాపువా న్యూగినీ తీరంలో ఈ చేపల బంధువుల్ని గమనించి 2003లో రాసినదాని ప్రకారం, వరసలో కిందున్న చేప తన ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుంది. పైనున్నదానికి పోటీ అనిపించేంత పెరిగితే అనిమోన్‌లోంచి గెంటేస్తారు, అనిమోన్ లేని క్లౌన్ సముద్రంలో ఎక్కువసేపు బతకదు. కాబట్టి చిన్నగా ఉండటం, ఒరిగి వణికి "నేను నీ కిందే" అని చెప్పడం దానికి ప్రాణరక్షణ. చప్పుడు కూడా చేస్తాయట. బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ పార్మెంటియే బృందం 2007లో సైన్స్ పత్రికలో చూపించింది: క్లౌన్లు దవడలు ఠక్కున మూసి పళ్ళు తాకించి శబ్దం చేస్తాయి. తరిమేటప్పుడు ఒక రకం చప్పుడు, తల ఊపుతూ లొంగిపోయేటప్పుడు ఇంకో రకం. ఒక రాత్రి పంపులు కాసేపు ఆపి గాజుకు చెవి ఆనించి విన్నాను. టకటకమని వినబడింది. మా అమ్మని నిద్ర లేపి మరీ వినిపించాను.

ఎప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడు విడదీయాలి అన్నది మళ్ళీ బాబాయే చెప్పారు. ఇది అందరికీ పనికొచ్చేది కాబట్టి ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. చిన్నది వణికాక పెద్దది ఆగి వెనక్కి తిరిగితే భయం లేదు, మాట అందిందన్నమాట. వణికినా ఆగకుండా కొరుకుతుంటే, రెక్కలు చిరిగితే, చిన్నదాన్ని నీటిపై మూలకి నెట్టేసి మేతకి రానివ్వకపోతే ఆ రోజే విడదీయాలి. రెండోదాన్ని తెచ్చేటప్పుడు ఉన్నదానికంటే కొట్టొచ్చినట్టు చిన్నగా ఉన్నదాన్నే తేవాలి. సమానంగా ఉన్న రెండు పెద్ద క్లౌన్లను ఒకచోట వేస్తే ఏది ఆడదో తేల్చుకోవడానికి చచ్చేదాకా కొట్టుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, క్లౌన్ అమ్మే ప్రతి దుకాణంలో డబ్బు తీసుకునే ముందు ఈ నాలుగు ముక్కలు చెప్పాలి. ఒసెల్లారిస్‌కి దగ్గరి బంధువులైన పర్కులా క్లౌన్లలో ఆడవి ముప్పై ఏళ్ళ దాకా బతకగలవని 2007లో అంచనా వేశారు. అంతకాలం ఉండగల ప్రాణిని నడవడి తెలియకపోవడంవల్ల పోగొట్టుకోవడం అన్యాయం.

తర్వాత నెలలు ప్రశాంతంగా గడిచాయి. రెండూ అనిమోన్‌లో పక్కపక్కనే పడుకునేవి. ఆ తర్వాత మళ్ళీ మార్పు. గాజు తుడవడానికి చెయ్యి పెడితే పెద్దది వచ్చి వేలు కొరికేది. చిన్నది అనిమోన్ పాదం పక్కన రాయిని నోటితో గీకుతూ ఉండేది. వీడియో పంపగానే బాబాయి ఫోన్ చేశారు. "చెయ్యి పెట్టకమ్మా. రాయి చూడు." రాయి మీద నారింజ రంగులో గుడ్లు! చిన్నది, అంటే ఇప్పుడు మగది, పక్క రెక్కలతో వాటికి నీరు విసురుతూ, పాడైపోయి తెల్లబడినవాటిని ఏరి పారేస్తూ కాపలా కాస్తోంది. పెద్దది చుట్టూ తిరుగుతూ వచ్చినవాళ్ళని కరుస్తోంది. మొదట్లో పెట్టిన గుడ్లను అవే తినేశాయి, కొత్త జంటలకు అది మామూలేనట.

పిల్లల్ని బతికించుకోగలిగాం అంటే పండుగప్ప హేచరీలో పనిచేసే తమ్ముడి వల్లే. క్లౌన్ పిల్లల నోరు ఎంత చిన్నదంటే మొదటి రోజుల్లో వాటికి రోటిఫర్లు అనే కంటికి కనబడీ కనబడని నీటి జీవాలే కావాలి, ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్యల పిల్లలు కూడా పెద్దవైపోతాయి. సెలవు మీద ఊరెళ్తూ దారిలో మా ఇంటికి వచ్చి, నానోక్లోరోప్సిస్ అనే సూక్ష్మ నాచు పెరిగిన పచ్చనీళ్ళతో సహా రోటిఫర్ కల్చర్ (పెంచుకోవడానికి బతికున్న రోటిఫర్లు) ఇచ్చి, పైసా తీసుకోలేదు. గుడ్లలో వెండిరంగు కళ్ళు మెరిసేనాటికి సిద్ధంగా ఉండమన్నాడు. 26, 27 డిగ్రీల దగ్గర దానికి సుమారు వారం పడుతుంది, లైట్లు ఆర్పాక చీకట్లో పిల్లలు బయటికొస్తాయి. పంపులు ఆపి ఒక మూల టార్చి వేస్తే వెలుగు దగ్గరికి అవే చేరతాయని, వలతో పట్టకుండా గిన్నెతో నీళ్ళతోపాటే ముంచి తియ్యాలని చెప్పాడు. మా ఇంటికొచ్చి కల్చర్‌ను మైక్రోస్కోప్ కింద పరీక్షించి పెట్టిన బయాలజీ టీచరు గారికీ, కరెంటు పోయిన రాత్రి తన ఇన్వర్టర్ నుంచి మా ఎయిర్ పంపుకి వైరు లాగి ఇచ్చిన పై అంతస్తు అన్నయ్యకీ కూడా నమస్కారాలు.

బతికిన పిల్లలకు రెండో వారంలో తల వెనక తెల్ల పట్టీ వచ్చింది. అవి కూడా ఇప్పుడు ఒకదాని ముందొకటి వణుకుతున్నాయి, ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయి. మన దేశంలో క్లౌన్లను ట్యాంకుల్లోనే పిల్లలు చేయించే పద్ధతిని తమిళనాడులోని మండపం ఊళ్ళో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వాళ్ళు తయారుచేశారని చెల్లి చెప్పింది. వాళ్ళకీ నా కృతజ్ఞతలు. సముద్రంనుంచి పట్టి తెచ్చే చేపల అవసరం అంతమేరకు తగ్గుతుంది.

బాబాయీ, చెల్లీ, తమ్ముడూ, మీ ముగ్గురికీ మా అమ్మ ఆవకాయ జాడీలు కట్టి పెట్టింది, ఈ వారం పంపిస్తున్నాను, వద్దనకండి. రోటిఫర్ కల్చర్ మా దగ్గర ఇప్పుడు బాగా పెరిగింది. హైదరాబాద్‌లో ఎవరి క్లౌన్లయినా గుడ్లు పెడితే శుభ్రమైన సీసా పట్టుకుని రండి, పచ్చనీళ్ళతో సహా ఊరికే ఇస్తాను. గుడ్లకు కళ్ళు కనబడకముందే వస్తే మంచిది.